ప్రశ్నార్థకం ముందు ఖాళీ: ఇంగ్లీష్‌లో తప్పు, ఫ్రెంచ్‌లో ఒప్పు



మొదటి యూనిట్ టెస్ట్ పేపర్లు దిద్దుతున్నప్పుడు ఎనిమిదో తరగతి అమ్మాయి జవాబు పత్రంలో ఒకే తప్పు మళ్లీ మళ్లీ కనిపించింది. స్పెల్లింగ్ బాగుంది, గ్రామర్ బాగుంది, చేతిరాత ముత్యాల్లా ఉంది. కానీ ప్రశ్నార్థకం వచ్చిన ప్రతి చోటా దానికి ముందు ఒక ఖాళీ వదిలింది. ఆశ్చర్యార్థకం ముందు కూడా అంతే. నేను ఆ ఖాళీలన్నిటికీ ఎర్ర పెన్నుతో సున్నాలు చుట్టాను. లెటర్ రైటింగ్‌లో ఒక మార్కు తగ్గించాను. కింద ‘కేర్‌లెస్’ అని ఒక్క మాట రాశాను.

ఆ తర్వాత రెండు మూడు వారాలు ఆమె నోట్‌బుక్‌లో ఆ తప్పు కనిపించలేదు. నా ఎర్ర పెన్ను పనిచేసిందనుకున్నాను. అసలు సంగతి పేరెంట్-టీచర్ మీటింగ్ రోజున తెలిసింది. వాళ్లమ్మగారు రెండు నోట్‌బుక్కులు తెచ్చి నా టేబుల్ మీద పక్కపక్కన పెట్టారు. ఒకటి ఇంగ్లీష్, రెండోది ఫ్రెంచ్. ఫ్రెంచ్ నోట్‌బుక్‌లో ప్రశ్నార్థకం ముందు ఖాళీ వదిలిన వాక్యాలకు టిక్ మార్కులున్నాయి. ఖాళీ లేకుండా రాసిన ఒక వాక్యాన్ని మాత్రం ఫ్రెంచ్ టీచర్ దిద్దారు.

“మేడమ్, ఆ పుస్తకంలో రైట్ అయింది ఈ పుస్తకంలో తప్పెలా అయింది? పాప రోజూ అడుగుతోంది, నాకు చెప్పడం రావడం లేదు” అన్నారావిడ. తర్వాత ఇంకో మాట అన్నారు: “ఇప్పుడు ఇంగ్లీష్‌లో ప్రశ్నలు రాయడమే మానేసింది, చూడండి.”

నోట్‌బుక్ తిరగేశాను. నిజమే. ఇద్దరు స్నేహితుల మధ్య సంభాషణ రాయమంటే, ఒక్క ప్రశ్న కూడా లేకుండా పేజీ నింపింది. తప్పు పోలేదు. తప్పు పడుతుందేమో అన్న భయంతో ఆ పిల్ల ప్రశ్నల జోలికే వెళ్లడం మానేసింది.

ఆ అమ్మాయిది అజాగ్రత్త కాదు. ఒక భాషలో నేర్చుకున్న నియమాన్ని శ్రద్ధగా ఇంకో భాషలోనూ పాటించింది. ఆ సంగతి కనుక్కోకుండా మార్కు తగ్గించింది నేను. అందుకే ఈ నెల ఈ విషయం మీద రాస్తున్నాను. ఇంగ్లీష్‌తో పాటు ఫ్రెంచ్ కూడా చదివే పిల్లల ఇళ్లలో ఈ ప్రశ్న ఎప్పుడో ఒకప్పుడు వస్తుంది. ఫ్రెంచ్ చదవని పిల్లలకు కూడా ఇంగ్లీష్ నియమం ఉపయోగపడుతుంది. ఇది తెలుగు పేజీ కాబట్టి ఉదాహరణల్లోని ఇంగ్లీష్, ఫ్రెంచ్ మాటలను తెలుగు అక్షరాల్లోనే రాస్తున్నాను. మీరు మాటల కంటే గుర్తులను, వాటి పక్కనున్న ఖాళీలను గమనించండి.

ఇంగ్లీష్ నియమం: ముందు మాటకు అంటుకోవాలి, తర్వాత ఖాళీ ఇవ్వాలి

ఇంగ్లీష్‌లో కామా, ఫుల్‌స్టాప్, కోలన్, సెమీకోలన్, ప్రశ్నార్థకం, ఆశ్చర్యార్థకం, ఈ ఆరింటికీ ఒకటే పద్ధతి. గుర్తు తన ముందున్న మాటకు అంటుకుని ఉంటుంది. దాని తర్వాత ఒక ఖాళీ వస్తుంది, ఆ తర్వాత కొత్త మాట.

సరైనది: వేర్ ఆర్ యూ? ఐ యామ్ హియర్, మామ్.
తప్పు: వేర్ ఆర్ యూ ?ఐ యామ్ హియర్ ,మామ్ .

రెండో వాక్యంలో ఖాళీలు ఉన్నాయి, కానీ ఉండాల్సిన వైపు కాకుండా రెండో వైపు ఉన్నాయి. పిల్లల నోట్‌బుక్కుల్లో ఎక్కువగా కనిపించేది ఇదే. చిన్న తరగతుల పిల్లలకు నేను ఇలా చెబుతాను: కామా స్కూల్‌బస్సులో చివరి సీటు లాంటిది. అది ఆ బస్సుకే చెందుతుంది, వెనక వచ్చే బస్సుకు కాదు.

బ్రాకెట్లు, కొటేషన్ మార్కులు జంటగా వస్తాయి. వీటికి బయటి వైపు ఖాళీ ఉంటుంది, లోపలి వైపు ఉండదు. మొదటి గుర్తు తన తర్వాతి మాటను పట్టుకుంటుంది, రెండో గుర్తు తన ముందు మాటను పట్టుకుంటుంది. మూసిన వెంటనే కామా గానీ ఫుల్‌స్టాప్ గానీ వస్తే, ఆ మధ్యలో కూడా ఖాళీ ఉండదు.

అపాస్ట్రఫీకి రెండు వైపులా అక్షరాలు ఉంటే అక్కడ ఎటువైపూ ఖాళీ ఉండదు. రెండు మాటలను కలిపే హైఫన్‌కు కూడా ఉండదు. డాష్ విషయంలో మాత్రం ఇంగ్లీష్‌లోనే రెండు పద్ధతులున్నాయి. అమెరికా పుస్తకాల్లో ఎక్కువగా పొడవాటి డాష్ రెండు వైపులా ఖాళీ లేకుండా కనిపిస్తుంది. బ్రిటన్ పుస్తకాల్లో ఎక్కువగా కాస్త పొట్టి డాష్ రెండు వైపులా ఖాళీతో కనిపిస్తుంది. రెండూ సరైనవే. ఒకే వ్యాసంలో రెండు రకాలూ కలపకుండా ఉంటే చాలు.

ఇక అంకెలు. కామా తర్వాత ఖాళీ ఇవ్వాలన్న నియమం అంకెల మధ్య వర్తించదు. 1,00,000 అని రాసేటప్పుడు కామాల తర్వాత ఖాళీ ఉండదు. 3.5లో చుక్క తర్వాత ఉండదు. 10:30లో కోలన్ తర్వాత ఉండదు. ఈమెయిల్ అడ్రస్‌లో, వెబ్‌సైట్ అడ్రస్‌లో చుక్కల పక్కన ఖాళీ పెడితే అది అడ్రస్‌గానే పనిచేయదు. నియమాన్ని బాగా వంటబట్టించుకున్న పిల్లలే కొన్నిసార్లు ఇక్కడ పొరపడతారు. ఐదో తరగతి బాబు ఒకడు పది లక్షలు అంకెల్లో రాసి, ప్రతి కామా తర్వాతా జాగ్రత్తగా ఖాళీ వదిలాడు. అలాంటప్పుడు కోప్పడకుండా “మాటల మధ్య రూలు వేరు, అంకెల మధ్య రూలు వేరు నాన్నా” అని చెబితే సరిపోతుంది.

ఇంత చిన్న ఖాళీతో ఏమవుతుంది?

చాలామంది తల్లిదండ్రులు అడిగే మాట ఇది. చేతితో రాసే పరీక్షలో అర మిల్లీమీటరు అటూ ఇటూ అయితే ఎవరూ పట్టించుకోరు, పట్టించుకోకూడదు కూడా. కానీ పై తరగతులకు వెళ్లేకొద్దీ పిల్లల రాత కంప్యూటర్ మీదకు మారుతుంది. ప్రాజెక్ట్ రిపోర్టులు, ఈమెయిళ్లు, కాలేజీ అప్లికేషన్లు, తర్వాత ఉద్యోగ దరఖాస్తులు అన్నీ టైపు చేసేవే. అక్కడ ఖాళీ అంటే కాగితం మీద వదిలేసిన చోటు కాదు. కంప్యూటర్ దృష్టిలో అది కూడా ఒక అక్షరంలాంటిదే. దాన్ని బట్టే కంప్యూటర్ రెండు పనులు చేస్తుంది.

మొదటిది, లైను ఎక్కడ విరగొట్టాలో నిర్ణయించడం. లైను చివర చోటు చాలకపోతే, కంప్యూటర్ ఖాళీ ఉన్న చోట విరగొట్టి మిగతాది కింది లైనుకు పంపుతుంది. ప్రశ్నార్థకం ముందు ఖాళీ ఉంటే, ‘ఇక్కడ విరగొట్టవచ్చు’ అనుకుంటుంది. వాక్యం పై లైనులో ఉండిపోయి, ప్రశ్నార్థకం ఒక్కటే కింది లైను మొదట్లో వచ్చి కూర్చుంటుంది. మీ ఫోన్‌లో ఇలాంటి మెసేజ్‌లు మీరు చూసే ఉంటారు.

రెండోది, మాటలు లెక్కపెట్టడం. మైక్రోసాఫ్ట్ వర్డ్ రెండు ఖాళీల మధ్య ఏది ఉంటే దాన్ని ఒక మాటగా లెక్కిస్తుంది. ‘పెన్,పెన్సిల్’ అని కామా తర్వాత ఖాళీ లేకుండా టైపు చేస్తే ఒక్క మాట అంటుంది. ‘పెన్ , పెన్సిల్’ అని రెండు వైపులా ఖాళీ ఇస్తే మూడు మాటలు అంటుంది, కామా కూడా ఒక మాట అయిపోతుంది. 150 మాటలకు మించకూడదన్న చోట ఈ తేడా చిన్నదేమీ కాదు. ఇంట్లో కంప్యూటర్ ఉంటే ఈ రెండూ టైపు చేసి పిల్లలకు చూపించండి. నేను పది నిమిషాలు చెప్పినదాని కంటే ఇది బాగా గుర్తుంటుంది.

ఫ్రెంచ్ నియమం: ఒక ముక్క గుర్తులు, రెండు ముక్కల గుర్తులు

ఆ మీటింగ్ తర్వాత నేను మా ఫ్రెంచ్ టీచర్ దగ్గర కూర్చుని ఇదంతా నేర్చుకున్నాను. ఫ్రాన్స్‌లో అచ్చయ్యే పుస్తకాల్లో పాటించే పద్ధతి చాలా సులువైనది. గుర్తు ఎన్ని ముక్కలతో తయారైందో చూడాలి.

కామా ఒక ముక్క, ఫుల్‌స్టాప్ ఒక ముక్క. ఇవి ఇంగ్లీష్‌లో లాగే ముందు మాటకు అంటుకుంటాయి.

కోలన్‌లో రెండు చుక్కలున్నాయి. సెమీకోలన్‌లో ఒక చుక్క, ఒక కామా ఉన్నాయి. ప్రశ్నార్థకంలో పైన కొక్కెం, కింద చుక్క ఉన్నాయి. ఆశ్చర్యార్థకంలో పైన గీత, కింద చుక్క ఉన్నాయి. ఈ నాలుగూ రెండు ముక్కల గుర్తులు. వీటికి ముందు ఒక ఖాళీ, తర్వాత ఒక ఖాళీ ఉండాలి.

ఫ్రెంచ్‌లో: కొమాన్ సా వా ? బోంజూర్ !
ఇంగ్లీష్‌లో: హౌ ఆర్ యూ? గుడ్ మార్నింగ్!

ఫ్రెంచ్ కొటేషన్ మార్కులు కూడా వేరు. బాణం మొనల్లాంటి జంట గీతలు ఉంటాయి. వాటికి లోపలి వైపు కూడా ఖాళీ ఇస్తారు: « బోంజూర్ ». ఇంగ్లీష్‌లో ఇలా లోపల ఖాళీ ఇస్తే తప్పు, ఫ్రెంచ్‌లో ఇవ్వకపోతే తప్పు. బ్రాకెట్లు, హైఫన్, అపాస్ట్రఫీ మాత్రం రెండు భాషల్లోనూ ఒకేలా ఉంటాయి. వాక్యం మధ్యలో ఆగిపోయినప్పుడు పెట్టే మూడు చుక్కలకు ఈ ముక్కల లెక్క వర్తించదు. అవి ముందు మాటకే అంటుకుంటాయి.

అంకెల దగ్గర తేడా ఇంకా పెద్దది. ఇది ఒక్క అందానికి సంబంధించిన విషయం కాదు, విలువే మారిపోతుంది. ఇంగ్లీష్‌లో 1,500 అంటే వెయ్యిన్ని ఐదు వందలు. ఫ్రెంచ్‌లో దశాంశానికి చుక్క బదులు కామా వాడతారు కాబట్టి, అదే 1,500 అంటే ఒకటిన్నర. వెయ్యిన్ని ఐదు వందలు రాయాలంటే ఫ్రెంచ్‌లో కామా పెట్టరు, సన్నటి ఖాళీ వదులుతారు: 1 500. మనం 1,00,000 అని రాసే లక్షను వాళ్లు 100 000 అని రాస్తారు. శాతం గుర్తు ముందు కూడా ఖాళీ ఉంటుంది: ఇంగ్లీష్‌లో 20%, ఫ్రెంచ్‌లో 20 %. డబ్బు గుర్తు అంకె తర్వాత, ఖాళీ వదిలి వస్తుంది: ఇంగ్లీష్‌లో €15, ఫ్రెంచ్‌లో 15 €.

ఫ్రెంచ్ చదివే పిల్ల ఒకే రోజు మూడో పీరియడ్‌లో ఒక పద్ధతి, నాలుగో పీరియడ్‌లో ఇంకో పద్ధతి పాటించాలి. మధ్యలో మ్యాథ్స్ క్లాసు ఉంటే మూడో పద్ధతి కూడా. పొరపాటు రావడంలో వింత లేదు, రాకపోతేనే మెచ్చుకోవాలి.

ఫ్రెంచ్ వాళ్లకు గుర్తు కింది లైనులో పడిపోదా?

పైన చెప్పింది చదివాక ఈ సందేహం రావాలి. ఖాళీ ఉన్న చోట కంప్యూటర్ లైను విరగొడుతుంది కదా, మరి ఫ్రెంచ్‌లో ప్రశ్నార్థకం కిందికి జారిపోదా? జారకుండా వాళ్లు మామూలు ఖాళీ వాడరు. ‘నాన్-బ్రేకింగ్ స్పేస్’ అనే ప్రత్యేకమైన ఖాళీ వాడతారు. చూడటానికి ఖాళీలాగే ఉంటుంది. కానీ అక్కడ లైను విరగదు. మాట, గుర్తు విడిపోకుండా కలిసే ఉంటాయి, కిందికి వెళితే రెండూ కలిసి వెళతాయి.

ముద్రణ బాగా పట్టించుకునే వాళ్లు ఇందులోనూ రెండు వెడల్పులు వాడతారు. కోలన్ ముందు, కొటేషన్ మార్కుల లోపల మామూలు వెడల్పు. సెమీకోలన్, ప్రశ్నార్థకం, ఆశ్చర్యార్థకాల ముందు అంతకంటే సన్నటిది. స్కూల్ పిల్లలకు ఇంత వివరం అవసరం లేదు. చేతితో రాసేటప్పుడు చిన్న అక్షరం పట్టేంత చోటు వదిలితే చాలు.

విండోస్ కంప్యూటర్‌లో మైక్రోసాఫ్ట్ వర్డ్ వాడుతుంటే, కంట్రోల్, షిఫ్ట్ నొక్కి పట్టుకుని స్పేస్‌బార్ నొక్కితే ఈ విడిపోని ఖాళీ వస్తుంది. వర్డ్‌లో భాషను ఫ్రెంచ్‌గా పెట్టుకుంటే చాలాసార్లు ఆ పని కూడా అక్కర్లేదు, ప్రశ్నార్థకం టైపు చేయగానే ముందు ఖాళీని వర్డే పెడుతుంది. ఇక్కడ ఒక జాగ్రత్త ఉంది. ఫ్రెంచ్ ప్రాజెక్ట్ పూర్తి చేసి, అదే ఫైల్‌లో ఇంగ్లీష్ ప్రాజెక్ట్ మొదలుపెడితే, భాష ఇంకా ఫ్రెంచ్‌గానే ఉండి ఇంగ్లీష్ ప్రశ్నల ముందు కూడా ఖాళీలు వచ్చేస్తాయి. అప్పుడు తప్పు పిల్లలది కాదు, సెట్టింగ్‌ది.

ఏ పద్ధతి గొప్పది?

పిల్లలు తప్పకుండా అడుగుతారు. జవాబు: ఏదీ కాదు. ఈ ఖాళీలన్నీ మనుషులు కాలక్రమంలో చేసుకున్న ఒప్పందాలు.

అసలు మాటల మధ్య ఖాళీ వదలడం కూడా ఎప్పుడూ ఉన్న అలవాటు కాదు. ప్రాచీన లాటిన్ చేతిరాత గ్రంథాలు చాలావరకు మాటల మధ్య ఖాళీ లేకుండా, అక్షరాల వరుసలాగా ఉండేవి. లాటిన్ తమ మాతృభాష కాని ఐర్లండ్ మఠాల లేఖకులు, సుమారు 7వ శతాబ్దం నుంచి, చదవడం తేలికవడం కోసం మాటలను విడదీసి రాయడం మొదలుపెట్టారు. మన తెలుగు శాసనాల్లో, తాటాకు గ్రంథాల్లో కూడా మాటలు విడివిడిగా ఉండవు. కామా, ప్రశ్నార్థకం లాంటి గుర్తులు తెలుగులోకి అచ్చు పుస్తకాలతో, ఇంగ్లీష్ ద్వారా వచ్చాయి. అందుకే ఈ రోజు తెలుగు రాసేటప్పుడు కూడా మనం ఇంగ్లీష్ పద్ధతినే పాటిస్తాం: గుర్తు ముందు మాటకు అంటుకోవాలి, తర్వాత ఖాళీ.

ఇంకో సంగతి. 18, 19 శతాబ్దాల ఇంగ్లీష్ పుస్తకాలు చూస్తే, వాటిలో కూడా కోలన్, సెమీకోలన్, ప్రశ్నార్థకాల ముందు సన్నటి ఖాళీ కనిపిస్తుంది. సీసపు అక్షరాలు పేర్చే రోజుల్లో ఖాళీ కోసం కూడా సీసపు ముక్కలే ఉండేవి. సన్నటి ముక్క ఒకటి గుర్తు ముందు పెట్టేవారు. 20వ శతాబ్దంలో ఇంగ్లీష్ ఆ అలవాటును క్రమంగా వదిలేసింది, ఫ్రెంచ్ నిలుపుకుంది. అంటే నేను ఎర్ర సున్నా చుట్టిన ఖాళీని, ఒకప్పుడు లండన్‌లోని అచ్చు పనివాడు డబ్బు తీసుకుని మరీ శ్రద్ధగా పెట్టేవాడు.

ఇంట్లో తాతయ్యలు టైప్ లోయర్, హయ్యర్ పాసై ఉంటే, ఇంగ్లీష్ టైపు చేసేటప్పుడు ఫుల్‌స్టాప్ తర్వాత రెండు ఖాళీలు ఇవ్వడం మీరు చూసి ఉండొచ్చు. టైప్ మెషీన్ మీద అన్ని అక్షరాలకూ ఒకటే వెడల్పు. వాక్యం ఎక్కడ అయిపోయిందో తెలియడానికి రెండు ఖాళీలు నేర్పేవారు. కంప్యూటర్ అక్షరాలకు ఆ అవసరం లేదు. అయినా ఈ మార్పు ఒక్క రోజులో రాలేదు. అమెరికన్ సైకలాజికల్ అసోసియేషన్ వాళ్ల రాత నియమావళి 2009లో కూడా రెండు ఖాళీలే ఇవ్వమని సూచించింది. 2019లో వచ్చిన తర్వాతి ఎడిషన్‌లో ఒకటే చాలంది. 2020లో మైక్రోసాఫ్ట్ వర్డ్ రెండు ఖాళీలను తప్పుగా గుర్తించడం మొదలుపెట్టింది. తాతయ్య తప్పు నేర్చుకోలేదు, ఆయన నేర్చుకున్న రోజుకు అదే రైటు. మనవడికి మాత్రం ఒక ఖాళీ చాలు.

ఫ్రెంచ్ కూడా అన్ని చోట్లా ఒకటి కాదు. కెనడాలోని క్యూబెక్‌లో కోలన్ ముందు, కొటేషన్ మార్కుల లోపల ఖాళీ ఇస్తారు. ప్రశ్నార్థకం, ఆశ్చర్యార్థకం, సెమీకోలన్‌ల ముందు మాత్రం మామూలుగా ఇవ్వరు. కెనడా వెళ్లే ఆలోచనతో ఫ్రెంచ్ నేర్చుకుంటున్న పెద్దవాళ్లు ఇంట్లో ఉంటే, వాళ్ల పుస్తకంలో ఒకలా, పిల్లల పుస్తకంలో ఇంకోలా కనిపించవచ్చు. రెండూ సరైనవే. స్కూల్ పరీక్షకు పిల్లల టెక్స్ట్‌బుక్‌లో ఉన్న పద్ధతినే పాటించమనండి.

మన ఫోన్‌లో మనం

ఇది కాస్త మొహమాటంగానే రాస్తున్నాను. పిల్లలు ఇంగ్లీష్ రాతను టెక్స్ట్‌బుక్ నుంచే కాదు, మన ఫోన్ల నుంచి కూడా నేర్చుకుంటారు. క్లాస్ గ్రూపులో వచ్చే మెసేజ్‌లలో చాలావరకు కామాకు ముందు ఖాళీ ఉంటుంది, తర్వాత ఉండదు. ఇందులో కొంత పాపం ఫోన్‌ది కూడా. ఫోన్ సూచించిన మాటను నొక్కగానే, అదే ఒక ఖాళీ చేర్చేస్తుంది. తర్వాత మనం కామా నొక్కితే కొన్ని కీబోర్డులు ఆ ఖాళీని తీసేస్తాయి, కొన్ని తీయవు. ఆదరాబాదరాగా పంపే మెసేజ్‌లో దీన్ని ఎవరూ తప్పుపట్టరు. టీచర్లం మేము పంపే మెసేజ్‌లలో కూడా ఇవి ఉంటాయి. కానీ లీవ్ లెటర్, ఈమెయిల్ లాంటివి పిల్లల ముందు టైపు చేసేటప్పుడు ఒక్కసారి చూసుకుని పంపితే, వాళ్లకు అదే పాఠం.

ఇంట్లో పది నిమిషాలు

1. నోట్‌బుక్ తెరవగానే తప్పు వెతకకండి. ముందు “ఇది ఏ భాష నోట్‌బుక్?” అని అడగండి. నియమం భాషను బట్టి మారుతుందని ఈ ఒక్క ప్రశ్నతోనే పిల్లలకు గుర్తొస్తుంది.

2. ఒకే చిన్న సంభాషణను, ఆరు లైన్లు చాలు, ఒక కాగితం మీద ఎడమ వైపు ఇంగ్లీష్‌లో, కుడి వైపు ఫ్రెంచ్‌లో రాయించండి. ప్రశ్నార్థకాల చుట్టూ పెన్సిల్‌తో సున్నా చుట్టి, తేడా వాళ్లనే చెప్పమనండి. మీకు ఫ్రెంచ్ రాకపోయినా పరవాలేదు. గుర్తులు చూడటానికి భాష రానక్కర్లేదు.

3. ఫ్రెంచ్ లేని పిల్లలైతే, ఇంగ్లీష్ న్యూస్ పేపర్‌లో ఒక వార్త ఇచ్చి, ఏదైనా గుర్తుకు ముందు ఖాళీ ఉందేమో వెతకమనండి. ఎంత వెతికినా దొరకడం కష్టం. అలా వెతికిన పిల్లలకు నియమం వేరే చెప్పనక్కర్లేదు.

4. చిన్న తరగతుల పిల్లలు గుర్తు పెట్టడమే మర్చిపోతుంటారు. వాళ్లకు ముందు గుర్తు పెట్టడం అలవాటు చేయండి. ఖాళీ సంగతి నాలుగో తరగతి తర్వాత చూసుకోవచ్చు.

5. ఒకే తప్పు పదే పదే వస్తుంటే, అది ఎక్కడి నుంచి వస్తోందో అడగండి. “ఇలా ఎందుకు రాశావు?” అన్న మాట కోపంగా అంటే పిల్లలు జవాబు చెప్పరు. “ఇలా రాయాలని ఎక్కడ చూశావమ్మా?” అంటే చెబుతారు.

ఈ ఐదో సూచన నిజానికి నేను నేర్చుకున్నది. ఆ రోజు ఆ అమ్మాయిని ఒక్క మాట అడిగి ఉంటే, ఫ్రెంచ్ నోట్‌బుక్ తనే చూపించేది. అడగకుండా సున్నాలు చుట్టాను.

మీటింగ్ అయిన మర్నాడు ఆమె పేపర్ మీద నేను రాసిన ‘కేర్‌లెస్’ మాటను కొట్టేసి, పక్కన సంతకం చేశాను. మార్కు తిరిగి ఇచ్చాను. బోర్డు మీద రెండు నిలువు గడులు గీసి, రెండు భాషల నియమాలూ ఆమెతోనే క్లాసుకు చెప్పించాను. మొదటి రోజు గొంతు పెగల్లేదు. చివరి బెంచీలో ఒక అబ్బాయి “మరి మూడు చుక్కలకు ఎన్ని ముక్కలు?” అని అడిగాక నవ్వి, జవాబు చెప్పింది. పోయిన వారం ఇచ్చిన సంభాషణలో ఆమె నాలుగు ప్రశ్నలు రాసింది. ఒకదాని ముందు ఖాళీ మళ్లీ వచ్చింది. ఈసారి సున్నా చుట్టలేదు, పక్కన పెన్సిల్‌తో ‘ఇది ఏ భాష?’ అని రాశాను. తనే దిద్దుకుని తెచ్చింది.

తర్వాతి పేరెంట్-టీచర్ మీటింగ్‌కు వచ్చేటప్పుడు మీ పిల్లల ఇంగ్లీష్ నోట్‌బుక్ ఒక్కటే కాకుండా, రెండో భాష నోట్‌బుక్ కూడా వెంట తీసుకురండి. తెలుగు, హిందీ, ఫ్రెంచ్, ఏదైనా సరే. రెండూ పక్కపక్కన పెట్టి చూద్దాం.